హాలోవీన్ హారర్ నైట్స్ 35కి జాక్ వస్తాడంటారా? కొత్త హౌస్‌లు ఏముండొచ్చు?

గుమ్మడికాయదొంగ

యూనివర్సల్ ఓర్లాండో పార్కులో ఏటా హాలోవీన్‌కి రాత్రిపూట పెట్టే ఈ భయాల ఈవెంట్ 2025ది నవంబర్ 2తో అయిపోయింది, నా బట్టలకి పట్టిన ఫాగ్ మెషిన్ వాసన ఇంకా పోలేదు, అప్పుడే బుర్ర వచ్చే ఏడాది మీదికి పోయింది. ఎందుకంటే 2026 అంటే ఓర్లాండోలో 35వది. 1991లో ఫ్రైట్ నైట్స్ అని పేరు పెట్టి మూడంటే మూడు రాత్రులు ఒకే ఒక్క హౌస్‌తో (లోపల నడుస్తుంటే నటులు భయపెట్టే దెయ్యాల కొంప) మొదలెట్టారు, ఇప్పుడు పది హౌస్‌లు ఐదు స్కేర్ జోన్‌లు (ఆరుబయట దారుల్లోనే భయపెట్టే చోట్లు), ఆగస్ట్ నెలాఖరు నుంచే మొదలు. 2015లో 25వదానికి జాక్ అనే జోకర్ పాత్రని తెచ్చారు, 30వది కరోనా వల్ల ఒక ఏడాది వెనక్కి జరిగి 2021లో పెట్టారు, దానికీ జాకే. ఆ లెక్కన 35కి కూడా ఆ జోకర్ గాడు ఖాయమని నేననుకుంటున్నా. మీరేమంటారు? ఒకటి రెండు డౌట్లు కూడా ఉన్నాయి, రిప్ రైడ్ రాకిట్ కోస్టర్ మూసేశారు కదా, ఆ పనుల వల్ల హౌస్‌లకి చోటు ఏమన్నా తగ్గుతుందా? ఇంకోటి, యూనివర్సల్ పాత సినిమాల రాక్షసులతో కట్టే మాన్‌స్టర్స్ హౌస్ ఈసారి లేదు, మళ్ళీ వస్తుందా లేక ఇక అంతేనా? ఏదో లిస్ట్ ఒకటి తిరుగుతోంది, పదికి పది పేర్లు రాసేశారు, అది మాత్రం నమ్మబుద్ధి కావట్లేదు.

పర్మిట్‌పిచ్చోడు

నవంబర్‌లోనే పది పేర్లు రాసిన లిస్ట్ అంటే చదవకుండా పక్కన పడెయ్ బ్రో. నేను ఎప్పుడూ చెప్పేది ఒకటే, పేర్ల వెంట పడకండి, చోటు చూడండి. హౌస్‌లు గాల్లో కట్టరు కదా, కొన్ని సౌండ్ స్టేజ్‌ల్లో (షూటింగ్ కోసం కట్టిన పెద్ద షెడ్లు), కొన్ని వెనక పెద్ద టెంట్లలో. సౌండ్ స్టేజ్‌లో పైకప్పు ఎత్తు ఉంటుంది కాబట్టి లోపలికి అడుగు పెట్టగానే రెండంతస్తుల మేడో, చర్చి గోపురమో నిలబెట్టగలరు. టెంట్‌లో అది కుదరదు, అక్కడ ఇరుకు సందులు, గుహలు, నేలమాళిగలు, అలాంటివే పండుతాయి. కాబట్టి ఎవడైనా "ఫలానా పెద్ద కోట టెంట్‌లో వస్తోంది" అన్నాడంటే వాడికి ఏమీ తెలీదని అర్థం.

ఇక రాకిట్ సంగతి. అది 2025 ఆగస్ట్‌లో మూతపడింది, దాని చోట వేరే కోస్టర్ వస్తోంది. అది సౌండ్ స్టేజ్‌లకి దగ్గరే కాబట్టి నా అనుమానం హౌస్‌ల మీద కాదు, క్యూల మీద. ఈ హౌస్‌ల క్యూలు మామూలు పగటిపూట జనం తిరగని వెనక దారుల్లో పాములా మెలికలు తిరుగుతాయి, క్రేన్‌లు, ఫెన్సింగ్ వచ్చాక ఆ దారులు మారాల్సిందే. పది హౌస్‌లు పదిగానే ఉంటాయి, నడక మాత్రం పెరుగుతుంది, మంచి బూట్లు కొనుక్కోండి.

ఫ్లోరిడాలో పని మొదలెట్టే ముందు కౌంటీ రికార్డుల్లో ఒక నోటీసు పడుతుంది, అది ఎవరైనా చూసుకోవచ్చు. అందులో హౌస్ పేరు ఉండదు, ఏ కాంట్రాక్టర్, ఏ అడ్రస్, ఏదో సెట్ వర్క్ అని ముక్తసరిగా రెండు మాటలు, అంతే. కానీ ఆ కాంట్రాక్టర్ ఇంతకు ముందు ఏం కట్టాడో తెలిస్తే సగం కథ తెలిసినట్టే. నాలుగు రోజులు ఉండే సెట్‌కి ఇన్ని కాగితాలు ఎందుకని చాలామంది అడుగుతారు. 1984 మే 11న న్యూజెర్సీలో సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్‌లో హాంటెడ్ క్యాజిల్ కాలిపోయి ఎనిమిది మంది టీనేజ్ పిల్లలు చనిపోయారు. అది ట్రైలర్లు ఒకదానికొకటి కలిపి పెట్టిన తాత్కాలిక కట్టడం, స్ప్రింక్లర్లు లేవు. చీకటి, మెలికల దారి, ఎటు పోవాలో తెలీదు. ఆ తర్వాతే ఇలాంటి వాటికి రూల్స్ బిగించారు. అందుకే ఈసారి లోపలికెళ్ళినప్పుడు ఒక్కసారి పైకి చూడండి, దెయ్యం నెత్తిమీద స్ప్రింక్లర్ కనపడుతుంది. నాకైతే అది చూస్తే భయం పోదు గానీ కాస్త ధైర్యం వస్తుంది.

నిద్రపట్టనిరేణుక

నేను జాక్ వద్దనే పార్టీ, తిట్టుకోండి. 2000లో వచ్చినప్పుడు కొత్త, ఇప్పుడు టీషర్ట్ బొమ్మ అయిపోయాడు, జనం వాడిని చూసి పరిగెత్తరు, సెల్ఫీ అడుగుతారు. 35 అంటే కొత్త ఐకాన్‌ని, అంటే జాక్‌లా ఈవెంట్‌కి ముఖంగా నిలిచే పాత్రని, పుట్టించడానికి ఇంతకంటే మంచి ఏడాది దొరకదు. ఈసారి పదిలో ఐదు ఒరిజినల్స్ (వాళ్ళే అల్లిన కథలు), ఐదు ఐపీలు (సినిమాలు, గేమ్‌ల లాంటి వాటి నుంచి తెచ్చినవి), ఆ సగం సగం అలాగే ఉంచితే చాలు నాకు. ఐపీ హౌస్‌లో గొడవేంటంటే తర్వాత గదిలో ఏ సీన్ వస్తుందో సగం మందికి ముందే తెలుసు, ఒరిజినల్‌లో ఆ తలుపు వెనక ఏముందో ఎవడికీ తెలీదు, నాకు ఆ తెలియకపోవడమే కావాలి.

అయినా ఏ పార్కులో అయినా నా అసలు కోరిక కొత్త హౌస్ కాదు, జనాన్ని ఆపి ఆపి పంపడం. ముందువాళ్ళ వీపు పట్టుకుని రైలు పెట్టెల్లా నడుస్తూ ఉంటే మన ముందు ఐదో మనిషి అరుస్తాడు, మనం వెళ్ళేసరికి పాపం ఆ యాక్టర్ మళ్ళీ తన బొక్కలోకి దూరుతూ కనపడతాడు, ఇంకేం భయం. వాళ్ళనీ ఏమీ అనలేం, మాస్క్ వేసుకుని రాత్రంతా అదే దూకుడు దూకాలి, అందుకే ఒక్కో హౌస్‌కి ఒకటికి మించి బృందాలు పెట్టుకుని మార్చి మార్చి దింపుతారు.

బన్నీఅమ్మ

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి, మా వాడికి తొమ్మిదేళ్ళు, వచ్చే ఏడాది దీనికి తీసుకెళ్ళమని చంపేస్తున్నాడు, వేషం కూడా ఇప్పుడే డిసైడ్ చేసుకున్నాడు. పర్లేదంటారా?

నిద్రపట్టనిరేణుక

వద్దండీ. 13 లోపు పిల్లలకి వద్దని వాళ్ళే చెప్తారు, పైగా ఇక్కడ వేషాలు, మాస్కులు వేసుకుని రానివ్వరు, లేకపోతే యాక్టర్ ఎవరో టికెట్ కొన్నవాడు ఎవరో ఎలా తెలుస్తుంది. బాబుకి డిస్నీ వాళ్ళ మ్యాజిక్ కింగ్‌డమ్ పార్కులో మిక్కీ హాలోవీన్ పార్టీ కరెక్ట్, వేషం వేసుకోవచ్చు, చాక్లెట్లు సంచి నిండా తెచ్చుకోవచ్చు. దానికీ వేరే టికెట్ కొనాలి, అది మాత్రం గుర్తుపెట్టుకోండి.

తోడేలునాయుడు

మాన్‌స్టర్స్ గురించి ఎవరూ జవాబు చెప్పలేదు. కొన్నేళ్ళుగా దాదాపు ప్రతిసారీ ఉన్న హౌస్ 2025లో తీసేశారు, అదే ఏడాది మే 22న ఓర్లాండోలోనే యూనివర్సల్ కొత్త పార్కు ఎపిక్ యూనివర్స్ తెరిచారు, అందులో డార్క్ యూనివర్స్ అని ఆ రాక్షసులకే ఒక ఊరు కట్టారు. ఈ రెండూ అనుకోకుండా జరిగాయని నేను అనుకోను. ఏడాదంతా అక్కడ కనపడేవాళ్ళకి ఇక్కడ రెండు నెలలు మళ్ళీ హౌస్ ఎందుకని ఎవరో ఒకరు మీటింగ్‌లో అనే ఉంటారు. దానికి తోడు ఆగస్ట్‌లో లాస్ వెగాస్‌లో యూనివర్సల్ వాళ్ళే ఇలాంటి హౌస్‌లతో హారర్ అన్‌లీష్డ్ తెరిచారు, అది సీజన్‌తో పని లేకుండా ఏడాది పొడుగునా. కాబట్టి బాగా ఆడిన పాత ఒరిజినల్స్ అటు వెళ్ళిపోయి ఓర్లాండోకి కొత్తవి రాయాల్సి వస్తుందని నా ఊహ. అంటే రేణుక గారూ, మీ పంట పండినట్టే.

గుమ్మడికాయదొంగ

నాయుడన్నా ఆ కోణం నాకు తట్టనే లేదు. సరే నా లిస్ట్ ఇదిగో, రాసిపెట్టుకోండి: జాక్ వస్తాడు కానీ హౌస్‌గా కాదు, స్కేర్ జోన్‌లో స్టేజ్ మీద. మాన్‌స్టర్స్ సున్నా. ఒరిజినల్స్ ఆరు. తప్పయితే నా ప్రొఫైల్ ఫోటో ఏడాదిపాటు మీరు చెప్పిందే పెట్టుకుంటా.

పర్మిట్‌పిచ్చోడు

స్క్రీన్‌షాట్ తీసుకున్నా. ఫోటో నేను ఇప్పుడే వెతికి పెట్టా, అందులో నువ్వు పరిగెత్తేది జాక్‌ని చూసే.