తుపానుకి కరెంటు పోతే రొయ్యల చెరువు మీద ఏరేటర్లకి (నీటిలోకి గాలి కలిపే మోటారు చక్రాలకి) ఎంత సిద్ధం చేసుకోవాలి?

మొగల్తూరు రైతు: 3 ఎకరాల వనామి రొయ్య, సుమారు 4 టన్నుల సరుకు ఉంది. 2 హెచ్‌పీ ఏరేటర్లు ఆరు. సైబర్ దాడికి గ్రిడ్ కూలుతుందనీ, సూర్యుడి తుపాను వస్తుందనీ టీవీలో ఒకటే గోల. మనం భయపడాల్సింది దేనికండీ? 25 కేవీఏ జనరేటర్ సరిపోద్దా?

గ్రిడ్ ఇంజనీరు, రాజమండ్రి: టీవీ వాళ్లు చెప్పేవి అబద్ధం కాదు గానీ మీ చెరువుకి ముందొచ్చే ప్రమాదం అది కాదండి. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాదిన గ్రిడ్ కూలింది. 31న సుమారు 62 కోట్ల మంది ఉండే ప్రాంతం చీకటైనా, చాలావరకు గంటల్లోనే తిరిగొచ్చింది. అప్పటికి దక్షిణ గ్రిడ్ వాళ్లతో ఒకే ఫ్రీక్వెన్సీలో (కరెంటు సెకనుకి ఎన్ని చుట్లు ఊగుతుందో ఆ లెక్క) కలిసి లేదు కాబట్టి మనకి తగల్లేదు. రాయచూరు–సోలాపూర్ 765 కేవీ లైనుతో 2013 డిసెంబర్ 31న కలిసింది. ఇప్పుడు కష్టసుఖాలు రెండూ ఉమ్మడే. ఫ్రీక్వెన్సీ 50 నుంచి 49.4 హెర్ట్జ్‌కి జారితే రిలేలు (తేడాని కనిపెట్టే స్విచ్చులు) కొన్ని ఫీడర్లని (సబ్‌స్టేషన్ నుంచి ఊళ్లకి పోయే లైన్లని) వాటంతటవే కోసేస్తాయి, మిగతా గ్రిడ్‌ని నిలబెట్టడానికి. మొత్తం పోయినా ముందు లేపేది జలవిద్యుత్ కేంద్రాల్ని. థర్మల్ యూనిట్ మొదలవడానికి బయటి కరెంటు చాలా కావాలి, వీటికి కొద్దిగా చాలు.

సూర్యుడి తుపానుకి 1989 మార్చి 13న కెనడాలోని క్యూబెక్ సుమారు 9 గంటలు చీకట్లో ఉంది. అది ధ్రువానికి దగ్గర. మనం అయస్కాంత భూమధ్యరేఖ వైపున్నాం, ఆ బెడద బాగా తక్కువ.

లైన్ పని, నరసాపురం: అసలు తెగేది 33/11 కేవీ సబ్‌స్టేషన్ నుంచి మీ గట్టు దాకా వచ్చే 11 కేవీ లైను. కొబ్బరిమట్ట పడుద్ది, నానిన నల్లరేగడిలో స్తంభం ఒరుగుద్ది. సముద్రగాలికి ఇన్సులేటర్ల (తీగని స్తంభానికి తగలకుండా పట్టే గిన్నెల) మీద ఉప్పు పేరుకుంటుంది. జోరువాన పడితే అది కడుక్కుపోతుంది. సన్నటి తుంపర, మంచు పడితేనే తడిసి ఫ్లాష్ అవుద్ది, అంటే నిప్పురవ్వ కొట్టి లైను పోద్ది. బాగుచేసే వరస కూడా తెలుసుకోండి: ముందు 132, తర్వాత 33, ఆ తర్వాత 11 కేవీ. అందులోనూ ఆసుపత్రులు, మంచినీళ్ల ఫీడర్లు ముందు. చెరువుల ఫీడరు చివరాఖరు. తక్కువలో తక్కువ 48 గంటలు లెక్కేసుకోండి. తెగిన తీగ కనబడితే దగ్గరికి పోకుండా కరెంటోళ్ల ఫిర్యాదు నంబరు 1912కి చెప్పండి.

మోటార్ వైండింగ్, భీమవరం: లెక్క ఇదండి. 12 హెచ్‌పీ అంటే దాదాపు 9 కిలోవాట్లు. మోటారు సామర్థ్యం 80 శాతం, పవర్ ఫ్యాక్టర్ (లాగిన కేవీఏలో పనికొచ్చే వాటా) 0.8 అనుకుంటే నడిచేటప్పుడు 14 కేవీఏ లాగుద్ది. స్టార్టింగ్‌లో ఆరు రెట్లు. ఆరూ ఒక్కసారే వేస్తే 80 దాటుద్ది, మీ జనరేటర్ చతికిలపడుద్ది. ఒక్కోటి అర నిమిషం ఆగి వేస్తే 25 సరిపోద్ది. డీజిల్ గంటకి 4 లీటర్లు, రెండు రోజులకి 200. డ్రమ్ములు గట్టు కింద కాదు, నీళ్లెక్కని చోట పెట్టండి. పెట్రోల్ బంకు కూడా కరెంటుతోనే నడుస్తుందని చాలామందికి అప్పుడే గుర్తొస్తుంది!

మబ్బు పట్టినరోజు నీటిలో నాచు ఆక్సిజన్ సరిగా తయారుచెయ్యదు. తెల్లవారుజామున డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) బాగా పడిపోతుంది. లీటరుకి 4 మిల్లీగ్రాముల పైన ఉంచాలి, 3కి దిగితే రొయ్య తేలుతుంది. హెచ్చరిక రాగానే మేత ఆపండి.

మొగల్తూరు రైతు: చేంజోవర్ (లైనుకీ జనరేటర్‌కీ మధ్య మార్చే స్విచ్చి) పాతది, మూడు పోల్. మార్చాలా?

లైన్ పని, నరసాపురం: తప్పకుండా నాలుగు పోల్‌దే పెట్టండి, మూడు ఫేజులతోపాటు న్యూట్రల్‌ని కూడా తెంపేది. అసలు చేంజోవరే లేకుండా జనరేటర్ని నేరుగా కలిపితే మీ 415 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి వెనక్కెళ్లి 11 వేలు అవుతాయి. లైను చచ్చిందనుకుని స్తంభమెక్కినోడు పోతాడు. మూడు పోల్‌లో ఫేజులు తెగుతాయి గానీ న్యూట్రల్ కలిసే ఉంటుంది, తేడా వోల్టేజీ ఆ దారిన లైన్లోకి పోగలదు. జనరేటర్ న్యూట్రల్‌కి విడిగా ఎర్త్ గొట్టం దించండి. ఉప్పునేలలో జీఐ గొట్టం తొందరగా తినేస్తుంది, ఏటా తవ్వి చూడాలి.

మోటార్ వైండింగ్, భీమవరం: మోటార్లు ఎక్కువగా కాలేది కరెంటు పోయినప్పుడు కాదు, తిరిగొచ్చినప్పుడు. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి మోటారుకొచ్చే దారిలో ఒక ఫ్యూజు ఎగిరి రెండు ఫేజులతో వస్తే మిగతా రెండింట్లో ఆంప్స్ 1.7 రెట్లు అవుతాయి. సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ (ఒక ఫేజు పోతే మోటారుని ఆపేది) పెట్టి, ఓవర్‌లోడ్ రిలేని (ఆంప్స్ ఎక్కువైతే ఆపేదాన్ని) 2 హెచ్‌పీకి 3.3 ఆంప్స్ దగ్గర ఉంచండి, 5కి తిప్పొద్దు. సప్లై రాగానే పది నిమిషాలు ఆగి ఫేజుల మూడు జతల మధ్యా వోల్టేజీ కొలవండి. తర్వాత ఒక్క ఏరేటర్ వేసి తిరిగే దిక్కు చూడండి. లైను కలిపేటప్పుడు ఫేజులు తారుమారైతే వెనక్కి తిరుగుద్ది, అప్పుడు ఏవైనా రెండు తీగలు మార్చాలి. మిగతావి నిమిషానికొకటి. ఊరందరూ ఒకేసారి వేస్తే ఫీడర్ మళ్లీ ట్రిప్ అవుద్ది, పక్క చెరువులోళ్లతో ముందే మాటాడుకోండి.