గ్రాడ్యుయేటెడ్ ఎన్‌డీ ఫిల్టర్ ఒక్కటే కొనాలంటే ఏది కొనాలి?

ప్రశ్న

నమస్కారం. నేను ఫుల్‌ఫ్రేమ్ కెమెరాతో, 77 మి.మీ. ఫిల్టర్ మర ఉన్న 16-35 లెన్సుతో ప్రకృతి దృశ్యాలు తీస్తుంటాను. నెలకు రెండుసార్లు సూర్యోదయానికి భీమిలి తీరానికి వెళ్తాను. చలికాలంలో వంజంగి కొండ, ఎప్పుడైనా గండికోట. ఆకాశాన్ని చూసి ఎక్స్‌పోజర్ పెడితే ముందున్న రాళ్లు మసిబొగ్గులా వస్తున్నాయి, రాళ్లను చూసి పెడితే ఆకాశం సున్నం కొట్టిన గోడలా తెల్లబడుతోంది. ఒక దుకాణంలో చెప్పిన మాట నమ్మి, లెన్సుకు తిప్పి బిగించే పైసగం ముదురుగా, కిందిసగం పారదర్శకంగా ఉండే గుండ్రటి గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్ కొన్నాను. ఆ రెండు సగాలూ కలిసే గీత సరిగ్గా మధ్యలో ఉండటంతో ప్రతి ఫొటోలోనూ సముద్రపు అంచును మధ్యకే తేవలసి వస్తోంది. ఇప్పుడు ఫిల్టర్‌ను లెన్సు ముందు పట్టి ఉంచే హోల్డర్‌తో పాటు ఒక్క ఫిల్టర్ కొనగలను. ముదురు భాగం గీత దగ్గర ఒక్కసారిగా ఆగిపోయే హార్డ్ ఎడ్జా, క్రమంగా పలచబడే సాఫ్ట్ ఎడ్జా? ముదురుదనం 0.6 చాలుతుందా, 0.9 కావాలా?

మొదటి జవాబు

గుండ్రటిదాన్ని పక్కన పెట్టేయండి. 100 మి.మీ. వెడల్పు, 150 మి.మీ. పొడవు ఉన్న పలకనే తీసుకోండి. హోల్డర్‌లో దాన్ని పైకీ కిందికీ జరుపుకోవచ్చు కాబట్టి, గీత ఎక్కడ ఉండాలో మీరే నిర్ణయించుకుంటారు.

ఎన్ని స్టాపులనేది (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు లేదా సగం కావడం) ఊహతో తేల్చవద్దు. ఈసారి భీమిలి వెళ్లినప్పుడు అపర్చర్ (లెన్సు తెరుచుకునే మేర), ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) మార్చకుండా, ఒక చిన్న చోటి వెలుగునే కొలిచే స్పాట్ మీటరింగులో ఒకసారి ముందున్న రాయిని, ఒకసారి సూర్యుడికి కాస్త పక్కగా ఉన్న ఆకాశాన్ని కొలవండి. రాయికి సెకనులో 4వ వంతు, ఆకాశానికి 60వ వంతు చూపిస్తే తేడా నాలుగు స్టాపులన్నమాట. ఫిల్టర్ మీద రాసి ఉండే అంకెల్లో ప్రతి 0.3 ఒక స్టాపుకు సమానం. 0.6 అంటే రెండు, 0.9 అంటే మూడు స్టాపులు. నాలుగు స్టాపుల తేడాను మొత్తంగా చెరిపేయకూడదు, ఒక స్టాపైనా మిగల్చాలి. తడి ఇసుకలో పడిన ఆకాశపు ప్రతిబింబం అసలు ఆకాశం కంటే వెలుగుగా కనబడితే, కారణం తెలియనివారికి కూడా ఆ ఫొటోలో ఏదో తేడా ఉందని తెలిసిపోతుంది. మీ అవసరానికి 0.9 సరిపోతుంది.

రెండవ జవాబు

స్టాపుల విషయంలో పై మాటతో ఏకీభవిస్తాను. అంచు విషయానికి వస్తే, మీరు ఎక్కువగా వెళ్లేది సముద్రానికి కాబట్టి నేనైతే హార్డ్ ఎడ్జ్ కొంటాను. సూర్యోదయ వేళ అత్యధికమైన వెలుగు సముద్రపు అంచును ఆనుకునే ఉంటుంది. సాఫ్ట్ ఫిల్టర్ పైభాగంలో ముదురుగా ఉండి, ఆ అంచు దగ్గరికి వచ్చేసరికి పలచబడిపోతుంది. అంటే బలం అవసరమైన చోటే బలహీనంగా ఉంటుంది. ఈ లోపానికే రివర్స్ గ్రాడ్ పుట్టింది, దానిలో ముదురు భాగం గీత దగ్గరే ఉండి పైకి పోయేకొద్దీ పలచబడుతుంది. అయితే సూర్యుడు కాస్త పైకెక్కాక దానితో పెద్దగా పని ఉండదు, కనుక ఉన్న ఒక్క ఫిల్టరూ అదే కావడం మంచిది కాదు.

మరొక సంగతి. మీరు కోరిన అపర్చరుకు లెన్సు మూసుకునేది షటర్ నొక్కినప్పుడే కాబట్టి, ఆప్టికల్ వ్యూఫైండర్‌లో మెత్తగా కనబడిన గీత ఎఫ్/16 లాంటి చిన్న అపర్చరు దగ్గర ఫొటోలో స్పష్టంగా తేలుతుంది. లెన్సును ముందుగానే ఆ అపర్చరుకు మూసి చూపే డెప్త్ ఆఫ్ ఫీల్డ్ ప్రివ్యూ మీట నొక్కి పట్టుకొని పలకను జరపండి.

ప్రశ్న అడిగినవారు

ధన్యవాదాలు. ఒక సందేహం మిగిలింది. మూడు ఎక్స్‌పోజర్లు తీసి తరువాత కంప్యూటరులో కలుపుకోగలిగినప్పుడు ఈ ఖర్చు అవసరమా? గాజు మంచిదా, రెజినా?

మూడవ జవాబు

గండికోటకైతే అవసరం లేదు. అక్కడ పెన్నకు రెండు వైపులా రాతిగోడలు ఎత్తుపల్లాలతో ఆకాశంలోకి చొచ్చుకొని ఉంటాయి. ఎంత మెత్తని ఫిల్టరైనా, తిన్నని గీత ఆ గోడల తలలను నల్లబరుస్తుంది. రాయి కదలదు కాబట్టి ట్రైపాడ్ మీద మూడు ఫొటోలు తీసి కలుపుకోవడమే మేలు. భీమిలిలో సంగతి వేరు. ఒక్కో ఎక్స్‌పోజరుకు అల ఒక్కో చోట ఉంటుంది, కలిపినప్పుడు నురగ రెండుగా కనబడుతుంది. వెనక్కి జారే నీటిని ఒక సెకను ఎక్స్‌పోజరుతో ఒకే ఫొటోలో పట్టాలనుకున్నప్పుడు ఫిల్టర్ విలువ తెలుస్తుంది.

హార్డ్ ఎడ్జ్ మాత్రం వద్దంటాను. గత చలికాలంలో నేను తీసిన ఒక ఫొటోలో, ఒడ్డున ఉన్న పడవ కొమ్ము సముద్రపు అంచును దాటి పైకి వచ్చింది. ఆ దాటిన జానెడు మేర, కత్తితో గీసినట్టు నల్లబడిపోయింది. హార్డుకూ సాఫ్టుకూ మధ్యస్థంగా దొరికే మీడియం ఎడ్జ్ 0.9 తీసుకుంటే సముద్రానికీ, వంజంగి కొండల వరుసలకూ పనికొస్తుంది.

రెజిన్ తేలిక, కిందపడినా త్వరగా పగలదు, కానీ గీతలు పడుతుంది. గాజుకు గీతలు అంత సులువుగా పడవు గానీ, రాళ్ల మీద చేయి జారితే అంతే. దేనిమీదైనా ఉప్పు తుంపర ఆరాక పొడిగుడ్డతో తుడవకండి. ముందు మంచినీళ్లతో కడగండి. కొనేముందు వైట్ బ్యాలెన్సును (కెమెరాలో రంగుల సర్దుబాటును) స్థిరంగా ఉంచి, ముదురు భాగంలోంచి ఒక తెల్ల కాగితాన్ని ఫొటో తీసి చూడండి. కాగితం ఊదారంగుకు తిరిగితే ఆ ఫిల్టర్‌ను తిరిగి ఇచ్చేయండి. హోల్డర్‌కు ఒక్క గాడి చాలు, ఎక్కువ గాళ్లుంటే 16 మి.మీ. దగ్గర మూలలు నల్లబడే ప్రమాదం ఉంది.