శ్రీశైలం దారిలో మాటిమాటికీ ఆగిపోయిన బండి: కారణం ఏమై ఉంటుంది?

ప్రశ్న: పాత కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజిన్‌కు అందించే భాగం) బండిపై నా భార్యతో శ్రీశైలం వెళ్తుండగా, నల్లమల అడవి మొదట్లోని మన్ననూరు దాటాక ఇంజిన్ తనంతట తానే ఆగిపోయింది. పావుగంట తరువాత స్టార్ట్ అయి, ఇరవై కిలోమీటర్లు నడిచి మళ్లీ మొరాయించింది. అక్కడ సెల్‌ఫోన్ సిగ్నల్ కూడా లేదు. ట్యాంకులో సగానికి పైగా పెట్రోలు ఉంది, ప్లగ్గు కొత్తది. పెద్దలు దయచేసి చెప్పగలరు.

సమాధానం 1: ముందుగా ట్యాంకు మూత చూడండి. పెట్రోలు ఖర్చయ్యే కొద్దీ ఆ ఖాళీలోకి గాలి చేరడానికి మూతలో సన్నని రంధ్రం ఉంటుంది; అది దుమ్ముతో పూడుకుపోతే లోపల పీడనం తగ్గి, కార్బురేటర్‌కు పెట్రోలు దిగదు. కాసేపు ఆపితే గాలి మెల్లగా చొరబడుతుంది కనుక బండి మళ్లీ నడుస్తుంది. ఈసారి ఆగిన వెంటనే మూత తెరవండి. బుస్సుమని గాలి పీల్చుకుని బండి స్టార్ట్ అయితే, లోపం అదేనని దాదాపు నిశ్చయించుకోవచ్చు. రంధ్రాన్ని గాలి కొట్టించి శుభ్రం చేయిస్తే సరిపోతుంది.

సమాధానం 2: పై మిత్రులు చెప్పినది సబబే. అయితే మూత తెరిచినా ఫలితం లేకపోతే, వేడెక్కినప్పుడు మాత్రమే మొండికేసే ఇగ్నిషన్ కాయిల్‌ను (ప్లగ్గులో నిప్పురవ్వ పుట్టించే కరెంటును ఇచ్చే భాగాన్ని) అనుమానించండి. బండి వేడిగా ఉండగానే మెకానిక్‌తో స్పార్క్ పరీక్ష చేయించాలి.

సమాధానం 3: ఆ అడవి దారి గేట్లు రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసి ఉంటాయి, అది పులుల అభయారణ్యం. దయచేసి మధ్యాహ్నంలోపే బయలుదేరండి. ఆగిపోతే మీ భార్యగారిని ఒంటరిగా వదిలి వెళ్లకుండా, వచ్చే బస్సును ఆపి కబురు పంపండి. సిగ్నల్ అందితే జాతీయ రహదారుల సహాయ సంఖ్య 1033కు ఫోన్ చేయండి.