ఇష్టమైనవన్నీ ‘ప’తోనే, అయినా యతి ఎందుకు తప్పింది?

ప్రశ్న

ఈ వారం ఆట తెలిసిందే: ఇష్టమైన తిండి పదార్థాలు చెప్పాలి, అన్నీ ఒకే అక్షరంతో మొదలవ్వాలి. ‘ప’ తీసుకుని ఆటవెలది అనే పద్యంలో మొదటి పాదం ఇలా కట్టాను.

పప్పు, పచ్చిపులుసు, పొంగలి, పులిహోర

గణాలు, అంటే బరువుగా పలికే గురువులు, తేలికగా పలికే లఘువులు కలిసిన గుంపులు, సరిచూశాను. పప్పు, పచ్చి, పులుసు మూడూ సూర్యగణాలు. పొంగలి, పులిహోర రెండూ ఇంద్రగణాలు. అయినా యతి (పాదం మొదటి అక్షరానికీ నాలుగో గణం మొదటి అక్షరానికీ ఉండాల్సిన పొత్తు) తప్పిందంటున్నారు. పాదం ‘ప’తో మొదలైంది, నాలుగో గణమూ ‘ప’తోనే మొదలైంది. ఇంకేం కావాలి?

జవాబు 1

అచ్చు కావాలండి. యతి హల్లు ఒక్కదానితో కుదరదు, దాని మీది అచ్చు కూడా కలవాలి. అచ్చులు మూడు జట్లు: అ, ఆ, ఐ, ఔ ఒకటి, ఇ, ఈ, ఋ, ఎ, ఏ ఒకటి, ఉ, ఊ, ఒ, ఓ ఇంకొకటి. మీ పాదం మొదట్లో ఉన్నది ‘ప’, అంటే అ జట్టు. యతిస్థానంలో ఉన్నది ‘పొ’, అది ఉ జట్టు. కంటికి రెండూ పకారాలే, యతికి మాత్రం చుట్టాలు కావు.

పొంగలి తీసేసి అదే తూకమున్న పచ్చడి పెట్టండి. రెండూ భగణాలే (గురువు, రెండు లఘువులు) కాబట్టి గణం కదలదు:

పప్పు, పచ్చిపులుసు, పచ్చడి, పులిహోర

పులిహోర అయిదో గణం. అక్కడ యతి లేదు కనుక దాని ‘పు’తో పేచీ లేదు.

జాబితా పద్యం కట్టేవాళ్లు ముందే మాటల్ని మూడు కుప్పలు పోసుకుంటే సగం పని అయిపోతుంది. పప్పు, పచ్చడి, పాలకూర, పాయసం, పాలు, పానకం, పనస ఒక కుప్ప. పెరుగు, పెసరట్టు, పిండివంట రెండోది. పులుసు, పులిహోర, పూతరేకు, పూరి, పొంగలి, పులగం మూడోది. తర్వాత ప్రతి మాట పక్కనా తూకం రాసుకోవాలి. పప్పు, పాలు, పూరి గలం (గురువు, లఘువు). పులుసు, పెరుగు, పనస నగణం (మూడు లఘువులు). ఇవి సూర్యగణాల చోట పడతాయి. పచ్చడి, పొంగలి భగణం, పులిహోర, పెసరట్టు సలం (రెండు లఘువులు, గురువు, లఘువు), పులగము నలం (నాలుగు లఘువులు). ఇవి ఇంద్రగణాల చోటికి. పూతరేకు, పాలకూర, పిండివంట లాంటివి రెండేసి గలాలు, అంటే ఒక్క మాటే రెండు సూర్యగణాల చోటు తింటుంది. ఆటవెలదిలో 1, 3 పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. 2, 4 పాదాలకు అయిదూ సూర్యగణాలే. యతి నాలుగో గణం మొదటి అక్షరం.

ఇలా పేర్చుకుంటే ఒక్క పరాయి అక్షరం మొదట రాకుండా మొత్తం పద్యమే వస్తుంది:

పప్పు, పాలకూర, పచ్చడి, పులిహోర,
పులుసు, పూతరేకు, పూరి, పనస,
పెరుగు, పిండివంట, పెసరట్టు, పొంగలి,
పాయసమ్ము, పాలు, పానకమ్ము

యతులు చూడండి: ప-ప, పు-పూ, పె-పె, పా-పా. మూడు జట్లూ వాడుకలోకి వచ్చాయి. క్రియ లేదు, భావం లేదు, ఒట్టి జాబితా. ఆటకు అది చాలు.

ప్రశ్న అడిగినవారు

బాగుందండి. కానీ పకోడి లేని ‘ప’ జాబితా ఏం జాబితా? ఆటవెలదిలో ఎక్కడ పెట్టినా కుదరడం లేదు.

జవాబు 2

పకోడి లగల (లఘువు, గురువు, లఘువు), అంటే జగణం. సూర్యగణాల్లో గాని ఇంద్రగణాల్లో గాని లఘువు, వెంటనే గురువు అనే ఎత్తుగడ ఒక్కదానికీ లేదు. అందుకే ఆ మాట ఏ గణాన్నీ మొదలుపెట్టలేదు. పలావు, పనీరు, పరోటాలకూ ఇదే తంటా. నాలుగూ బయటి నుంచి వచ్చిన మాటలే, గమనించారా? తెలుగు మాటలు మొదటి అక్షరం పొట్టిగా, రెండోది దీర్ఘంగా రావడం తక్కువ. వచ్చినా పొలములు పొలాలైనట్టు ఏదో కుదింపు వల్ల వచ్చినవే ఎక్కువ.

దారి లేకపోలేదు. ముందు గలం మాట ఒకటి పెట్టి, పకోడిని రెండు గణాల మీదుగా విరవాలి:

పచ్చిపులుసు, పూరి, పప్పు, పకోడియు

‘పప్పుప’ భగణం, ‘కోడియు’ భగణం. నాలుగో గణం ‘పప్పు’తో మొదలైంది కాబట్టి యతి నిలిచింది. ఇదే ఎత్తు తేటగీతి అనే పద్యంలో మూడో, నాలుగో గణాల మధ్య వేస్తే మాత్రం దెబ్బతింటారు. అక్కడ యతి ‘కో’ మీద పడుతుంది, ‘ప’కూ ‘కో’కూ పొత్తు లేదు.

పకోడికి అసలు ఇల్లు కందం అనే పద్యం. కందంలో జగణానికి చోటుంది. బేసి గణాల్లో రాకూడదు, సరి గణాల్లో రావచ్చు. రెండో పాదంలో మూడోది, అంటే మొదటినుంచి లెక్కిస్తే ఆరోది, జగణమో నలమో అయి తీరాలి. పకోడి, పలావు, పనీరు అక్కడ కుర్చీ వేసినట్టు కూర్చుంటాయి. కాకపోతే కందానికి ప్రాస తప్పదు. నాలుగు పాదాల్లో రెండో అక్షరం ఒకటే కావాలంటే తిండి జాబితా తొందరగా అయిపోతుంది.

జవాబు 3

తేటగీతి మాట వచ్చింది కాబట్టి: పెసరట్టు, పులిహోర లాంటి సలాలు ఎక్కువ ఉన్నవాళ్లు అటు వెళ్లడమే మేలు. ప్రతి పాదంలోనూ ఇంద్రగణాలు రెండో, మూడో చోట్ల ఉంటాయి, యతి వాటి తర్వాతి సూర్యగణం మీద.

పప్పు, పచ్చడి, పెసరట్టు, పాలు, పెరుగు

ఒక అభ్యంతరం కూడా. పై ఆటవెలదిలో ‘పూరి’ అన్నారు. పూరీ కదా? దీర్ఘం ఉంటే గగం (రెండు గురువులు), సూర్యగణం కాదు.

జవాబు 1 ఇచ్చినవారు

పూరి అనీ పూరీ అనీ రెండూ రాస్తున్నారు, పలుకులో చివరి దీర్ఘం తేలిపోవడం మామూలే. పద్యంలో పొట్టిది వాడితే తప్పు పట్టనక్కర్లేదు. మీకు మనసొప్పకపోతే ‘పూస’ పెట్టండి, బూందీలో పూసలు ఇష్టమని చెప్పుకోవచ్చు. గలమే, యతీ నిలుస్తుంది.

‘ము’తో ముగిసే మాటల దగ్గర ఇలాంటి వెసులుబాటు చాలా పనికొస్తుంది. పాయసము అంటే గలలల. అది ఏ ఒక్క గణమూ కాదు, విరవాల్సిందే. పాయసంబు, పాయసమ్ము అంటే రెండు గలాలు. పానకం, పరమాన్నం, పూర్ణం అన్నీ ఇలాగే సాగుతాయి. ‘పరమాన్న’ అని ము లేకుండా వదిలేస్తే గణం కుదురుతుంది కానీ మాట తెగిపోతుంది. సమాసంలో తప్ప అలా నిలవదు.

జవాబు 4

వ్యాకరణం వైపు నుంచి ఒక మెలిక. పరుషాలు క, చ, ట, త, ప. వాటిలో ‘ప’తో ఆట ఆడుతున్నారు కాబట్టి సంధుల దగ్గర జాగ్రత్త. ‘ప్రథమ మీఁది పరుషములకు గసడదవలు బహుళముగానగు’ అని బాలవ్యాకరణం, అంటే ప్రథమావిభక్తి మాట తర్వాత వచ్చే క, చ, ట, త, ప లు గ, స, డ, ద, వ లు కావచ్చు, కాకపోవచ్చు. వాఁడు పోయె, వాఁడు వోయె రెండూ సాధువులే. బహుళం కాబట్టి ‘పప్పు, పాలకూర’ అని పరుషంతో ఉంచుకున్నా తప్పు లేదు.

ద్వంద్వ సమాసం చేస్తే కథ వేరు. అక్కడ ఆదేశం, అంటే ఆ అక్షరం మార్పు, జరగాల్సిందే: కూరగాయలు, కాలుసేతులు, తల్లిదండ్రులు, ఊరువల్లెలు. ఆ లెక్కన పప్పూ పచ్చడీ కలిపితే పప్పువచ్చళ్లు! ఇవాళ ఎవరూ అలా అనరు, పాలుపెరుగు అనే అంటారు. కానీ నియమం పట్టించుకునే సభలో చదివితే ఎవరో ఒకరు లేచి అడుగుతారు. సమాసం చేయకుండా విడివిడిగా చెప్పడమే క్షేమం.

క్రియ ముందు పెట్టినా ‘ప’ పోతుంది. మెచ్చెన్ + పప్పు అంటే మెచ్చెఁ బప్పు. ద్రుతం (చివరి నకారం) మీది పరుషం ‘ప’, సరళం ‘బ’ అయింది. యతికి నష్టం లేదు, ఎందుకంటే ప, ఫ, బ, భ, వ ఒకదానితో ఒకటి చెల్లుతాయి. ఆటకు మాత్రం నష్టమే.

ఇక్కడే తమాషా. ఆట కన్నా యతి ఒక వైపు కఠినం, ఇంకో వైపు ఉదారం. పప్పుకూ పొంగలికీ కుదరదంటుంది, పులుసుకూ బొబ్బట్టుకూ కుదురుతుందంటుంది:

పులుసు, పూతరేకు, బొబ్బట్టు, పొంగలి

పు-బొ చక్కని యతి. అక్షరం ఆటలో ఓడిపోయినట్టే. ఇక అనుప్రాసకు ఈ రెండు పట్టింపులూ లేవు. వృత్త్యనుప్రాసకు హల్లు మళ్లీ మళ్లీ వినబడితే చాలు, మాట మొదట్లోనే ఉండాలని లేదు. ‘పెసరపప్పు’లో మూడు చోట్ల పకారముంది, అనుప్రాస లెక్కలో అన్నిటికీ విలువుంది. మన ఆటలో ఒక్కదానికే.

ప్రశ్న అడిగినవారు

వచ్చే వారం అక్షరం ‘అ’ పెడదామా? అట్టు, అరిసె, అప్పడం, ఆవకాయ... ఇష్టమైనవి బోలెడు.

జవాబు 4 ఇచ్చినవారు

వచ్చే వారమే అది వద్దు. ఉకారం మీద అచ్చు వస్తే సంధి తప్పదు. అట్టు, అరిసె పక్కపక్కన పెడితే అట్టరిసె అవుతుంది: అయిదక్షరాలు నాలుగయ్యాయి, తూకం గలలల. సంధి చేయకపోతే విసంధి దోషం, చేస్తే అరిసె ఎక్కడ మొదలైందో వినేవాడికి తెలియదు. ప్రతి మాట మధ్యా ఇదే పని. ‘ప’ హల్లు కాబట్టి ఇన్నాళ్లూ ఈ బాధ తగల్లేదు.

జవాబు 2 ఇచ్చినవారు

‘గ’ పెట్టండి. హల్లు కనుక అచ్చుసంధి లేదు, సరళం కనుక ఆదేశం లేదు. గారె, గవ్వ, గంజి గలాలు, గుమ్మడి భగణం, గోంగూర తగణం (రెండు గురువులు, లఘువు). ఒక్కటే చూసుకోవాలి, రెండు మాటల పేర్లు యతిస్థానానికి అడ్డం పడకూడదు. ‘గారె, గవ్వ, గడ్డపెరుగు’ అని మొదలెడితే నాలుగో గణం ‘పెరుగు’ అవుతుంది, యతి గల్లంతు. మధ్యలో ఒక గలం దూర్చి గడ్డను నాలుగో గణంలోకి నెట్టండి. ఆటవెలది రెండో పాదానికి సరిపోతుంది:

గారె, గవ్వ, గంజి, గడ్డపెరుగు