పదో తరగతి పరీక్షలు దగ్గర పడినాయి: పాప సరిగా తినడం లేదు, నిద్ర లేదు, పొద్దున కడుపునొప్పి

కర్నూలు_అమ్మ:
పరీక్షలకు ఇంకా మూడు వారాలు ఉంది. పాప రాత్రి ఒంటిగంట దాకా చదివి ఏడుకు లేస్తుంది. నిద్ర ఆపుకోవడానికి పదింటికి ఒక టీ, పన్నెండింటికి ఇంకొకటి. పొద్దున టిఫిన్ ముందర పెడితే కడుపులో తిప్పుతోందని రెండు ముద్దలకే లేస్తుంది. ప్రీఫైనల్ రోజుల్లో కడుపునొప్పి కూడా వచ్చింది. లెక్కల పేపర్లో తెలిసినవి కూడా గుర్తుకు రాలేదంట. సెంటర్ 12 కిలోమీటర్ల దూరం, పల్లెవెలుగు బస్సు కోసం ఏడున్నరకే బయల్దేరాల. పరీక్ష తొమ్మిదిన్నర నుంచి పన్నెండు ముక్కాలు దాకా.

పొద్దున ఏం పెట్టాల, ఎంత పెట్టాల? జ్ఞాపకశక్తికి మంచివని మెడికల్ షాపుల్లో అమ్మే పొడులు కొనాల్నా? భయం తగ్గడానికి ఇంట్లో ఏమన్నా చేయొచ్చా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పోషకాహారం_కడప:
అక్కా, ముందు టీ సంగతి తేల్చుకోవాల, టిఫిన్ ఆ తర్వాత. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల ప్రకారం ఒక కప్పు టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటుంది. తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. అంటే పన్నెండింటికి తాగిన టీలో సగం తెల్లారి ఐదింటికి కూడా పనిచేస్తూనే ఉంటుంది. పాప ఒంటిగంటకు పడుకున్నా గాఢనిద్ర తక్కువ పడుతుంది. చదివింది గట్టిపడేది ఆ నిద్రలోనే. పొద్దున ఆకలి లేకపోవడానికి కూడా సగం కారణం ఇదే: ఖాళీ కడుపులో టీ, నిద్ర చాలకపోవడం, దాని మీద పరీక్ష భయం.

అయితే టీ ఒక్కసారిగా ఆపొద్దు, రెండు మూడు రోజులు తలనొప్పి పట్టుకుంటుంది. మొదట పన్నెండు గంటల కప్పు తీసేయండి. నాలుగు రోజులయ్యాక పదింటిది. చివరికి సాయంత్రం నాలుగింటికి ఒక్క కప్పు మిగలాల. అదీ తిండికి గంట ముందో గంట తర్వాతో. టీలోని టానిన్లు అన్నంలోని ఇనుమును ఒంటికి పట్టనియ్యవు, ఈ వయసు ఆడపిల్లలకు రక్తం తక్కువగా ఉండడం మామూలే. బడిలో వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర మానిపియ్యొద్దండి. తిన్నాక వేసుకోవాల. దాంతో విరేచనం నల్లగా వస్తే భయపడాల్సింది లేదు.

ఇప్పుడు నిద్ర. పడుకునే వేళను రోజుకు 15 నిమిషాలు ముందుకు తెస్తే ఒంటిగంట నుంచి పదింటికి రావడానికి 12 రోజులు. మీకు 21 రోజులుంది, కాబట్టి చివరి తొమ్మిది రోజులు అలవాటు గట్టిపడటానికి మిగుల్తాయి. చాలామంది ఇళ్ళల్లో తప్పేదెక్కడంటే, పిల్లను తొందరగా పడుకోమంటారు, లేపడం మాత్రం ఏడుకే లేపుతారు. ఇది పనిచేయదు. లేచే వేళను కూడా ఆరింటికి తెచ్చి, లేవగానే మిద్దె మీదో వాకిట్లోనో పది నిమిషాలు వెలుతురులో నిలబెట్టండి. పొద్దుటి వెలుతురు పడితేనే రాత్రి నిద్ర వేళకొస్తుంది.

పరీక్ష రోజు లెక్క తొమ్మిదిన్నర నుంచి వెనక్కి వేయండి. ఆరింటికి లేవడం, ఆరుముక్కాలుకు టిఫిన్, ఏడున్నరకు బస్సు. టిఫిన్‌కూ పరీక్ష ముగియడానికీ మధ్య ఆరు గంటలు. ఒక్క టిఫిన్ అంతసేపు నిలవదు. అట్లని పొద్దునే దండిగా పెడితే బస్సులో తిప్పుతుంది. కాబట్టి రెండు భాగాలు చేయండి: ఇంట్లో ఒక మోస్తరు టిఫిన్, ఎనిమిది ముక్కాలుకు సెంటర్ గేటు దగ్గర చిన్న తిండి.

టిఫిన్‌కు మన ఇళ్ళల్లో ఉండేవే చాలు. మూడు ఇడ్లీలు, రెండు చెంచాల చెనిక్కాయల చట్నీ, ఒక ఉడికించిన గుడ్డు. లేకుంటే ఒక జొన్నరొట్టె, గిన్నెడు పప్పు. ఉగ్గాని ఇష్టమైతే అదీ పెట్టొచ్చు. కాకపోతే ఉత్త బొరుగులు త్వరగా అరిగిపోతాయి, పప్పుల పొడి రెండు చెంచాలు, వేయించిన చెనిక్కాయలు ఒక గుప్పెడు కలిపితే ఆగుతాయి. పక్కన మిరపకాయ బజ్జి మాత్రం ఆ పది రోజులూ వద్దు. భయంలో కడుపు నిదానంగా ఖాళీ అవుతుంది, నూనె, కారం తోడైతే హాల్లో మంట మొదలవుతుంది. రాగి సంగటి రాత్రికి పెట్టండి, పప్పుతోనో ఆకుకూరతోనో పిడికెడు ముద్ద, ఎనిమిది లోపల.

ఇప్పుడు రెండు ముద్దలకే లేస్తున్న పిల్లకు ఇవన్నీ రేపే పెట్టినా పోవు. రాగి జావతో మొదలుపెట్టండి. రెండు పెద్ద చెంచాల రాగిపిండిని అర గ్లాసు చన్నీళ్ళలో ఉండ లేకుండా కలిపి, మరుగుతున్న గ్లాసున్నర నీళ్ళలో పోసి, సన్నటి మంట మీద ఏడెనిమిది నిమిషాలు తిప్పుతూ ఉడికించాల. పొడి పిండిని నేరుగా వేడినీళ్ళలో వేస్తే ఉండలు కడతాయి, లోపల పిండి పచ్చిగా మిగిలి కడుపు ఉబ్బుతుంది. చల్లారాక మజ్జిగ, ఉప్పు. వేడి మీద పోస్తే మజ్జిగ విరిగిపోతుంది. మొదటి మూడు రోజులు అర గ్లాసు, తర్వాత గ్లాసు, వారం తర్వాత జావ తగ్గించి దాంతోపాటు ఒక ఇడ్లీ, ఆపైన రెండు. రోజూ ఒకే వేళకు పెడితే ఆకలి కూడా ఆ వేళకే అవుతుంది.

ఎనిమిది ముక్కాలుకు ఒక అరటిపండు, లేకుంటే రెండు చిన్న చెనిక్కాయల ఉండలు, సుమారు 30 గ్రాములు. గ్లూకోజ్ నీళ్ళు, కూల్‌డ్రింక్ వద్దు. ఆ చక్కెర ఎంత తొందరగా రక్తంలోకి ఎక్కుతుందో అంతే తొందరగా దిగుతుంది.

నీళ్ళ విషయంలో ఆడపిల్లలు ఎక్కువగా చేసేది, బాత్రూమ్‌కు పోవాల్సి వస్తుందని పొద్దున అసలు తాగకపోవడం. మార్చి ఎండకు పదకొండున్నరకల్లా తల పట్టేస్తుంది. లేచినప్పటి నుంచి ఏడు లోపల రెండు గ్లాసులు తాగిపియ్యండి, సెంటర్ చేరినాక బాత్రూమ్‌కు పోయొచ్చి, ఆపైన గుక్కెడు గుక్కెడు తాగితే ఇబ్బంది ఉండదు. ఇంటికి రాగానే ఉప్పేసిన మజ్జిగ ఇచ్చి, అరగంట నీడన కూర్చోబెట్టి అప్పుడు అన్నం పెట్టండి.

పొడుల మీద డబ్బులు పెట్టొద్దు. చాలా డబ్బాల వెనక చదివితే చక్కెరే ముందర ఉంటుంది. ఒక గుడ్డులో 6 గ్రాముల మాంసకృత్తులు, 30 గ్రాముల చెనిక్కాయల్లో సుమారు 7 గ్రాములు. మూడు వారాల్లో జ్ఞాపకం పెంచే పొడి ఏదీ లేదు. పరీక్షల ముందర కొత్త పొడి, కొత్త లేహ్యం మొదలుపెడితే మిగిలేది విరేచనాలు.

లెక్కల_టీచర్_అనంతపురం:
గుర్తుకు రాకపోవడం గురించి నేను చెప్తాను మేడం. పాప మర్చిపోయి ఉండదు. లెక్క చేసేటప్పుడు అంకెలను, మెట్లను మనసులో పట్టుకునే చోటు చిన్నది. భయం ఆ చోటును ఆక్రమిస్తుంది. హాల్ నుంచి బయటికి రాగానే అన్నీ గుర్తొచ్చేది అందుకే.

దీనికి మందు, పరీక్ష పరిస్థితిని ముందే అలవాటు చేయడం. ఈ మూడు వారాల్లో నాలుగు ఆదివారాలో సెలవులో చూసుకొని, సరిగ్గా తొమ్మిదిన్నరకు కూర్చోబెట్టి పన్నెండు ముక్కాలు దాకా పూర్తి పేపర్ రాయించండి. పైన చెప్పిన టిఫినే ఆ రోజు కూడా. మధ్యలో లేవకూడదు, ఫోన్ ఇంకో గదిలో, గోడ గడియారం బదులు చేతి గడియారం. అరపూట పేపర్లు పది రాయించినా ఇంత మేలు ఉండదు, ఎందుకంటే అలసట వచ్చేది రెండు గంటలు దాటినాకే.

మూడు గంటల పదిహేను నిమిషాల్లో మొదటి పదిహేను చదువుకోవడానికి. ఆ సమయంలో మొదటి ప్రశ్న నుంచే బుర్రలో లెక్క చేయడం మొదలుపెడతారు, అదే తప్పు. మొత్తం ఒకసారి చూసి, ఖాయంగా వచ్చేవి ఏవో ఎంచుకోవాల. లెక్కల పేపర్లో ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. వీటికి వరుసగా 1, 3, 7, 13 నిమిషాలు పెట్టుకుంటే 157 నిమిషాలు అవుతాయి, సరిచూసుకోవడానికి 23 మిగుల్తాయి. ఎనిమిది మార్కుల లెక్క 13 నిమిషాల్లో తెగకపోతే సగం పేజీ వదిలి ముందుకు పోవాల. చేసిన మెట్లకు మార్కులు పడతాయి, కొట్టేయొద్దు.

బుర్ర ఖాళీ అయినట్టు అనిపిస్తే పెన్ను కింద పెట్టి, ముక్కుతో నాలుగు లెక్కపెట్టేదాకా గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టేదాకా వదలాల. ఇట్లా ఐదుసార్లు, నిమిషం కూడా పట్టదు. వదిలేది పొడుగ్గా ఉంటే గుండె వేగం తగ్గుతుంది. పెద్దగా, గబగబా పీలిస్తే తల తిరిగి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, భయం ఇంకా పెరుగుతుంది. గాలి మెల్లగా, పొట్ట కదిలేట్టు ఉండాల. హాల్లో మొదటిసారి చేస్తే పనిచేయదు, ఇవాళ్టి నుంచి చదువుకు కూర్చునే ముందు రోజూ ఐదు నిమిషాలు చేయించండి. ఆ తర్వాత ఒక మార్కు ప్రశ్నలు రెండు రాస్తే చేయి మళ్ళీ దారిలో పడుతుంది.

ఇంకొకటి. పరీక్షకు ముందు పది నిమిషాలు తన భయాలను కాగితం మీద రాసుకున్న పిల్లలు మెరుగ్గా రాశారని షికాగో విశ్వవిద్యాలయం వాళ్ళు 2011లో చూపించారు. పాపకు ఒక పాత నోటుబుక్కు ఇవ్వండి, బయల్దేరే ముందో సెంటర్ దగ్గరో రాసుకుంటుంది. ఇంట్లో ఎవరూ అది తెరిచి చూడొద్దు. చూస్తారని తెలిస్తే ఉన్నది ఉన్నట్టు రాయదు.

చదివే తీరు కూడా చూడండి. గైడ్ ముందర పెట్టుకొని నాలుగోసారి చదివితే వచ్చినట్టే అనిపిస్తుంది. పుస్తకం మూసి తెల్లకాగితం మీద రాస్తేనే ఏది రాలేదో బయటపడుతుంది. రాత్రి తొమ్మిది తర్వాత కొత్త పాఠం ఎత్తుకోవద్దు.

ఇక పెద్దవాళ్ళకు. పేపర్ అయినాక ఇంట్లో జవాబులు సరిచూడటం, పక్కింటి పిల్లకు ఫోన్ చేసి ఎన్ని వచ్చాయో కనుక్కోవడం మానేయండి. పోయిన మార్కు తిరిగి రాదు, రేపటి పేపర్ మాత్రం చెడుతుంది. ఫెయిలైతే ఏడాది పోతుందని పిల్లలు లోపల అనుకుంటుంటారు. అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉందని, ఆ ఏడే ఇంటర్‌లో చేరొచ్చని ఇప్పుడే మామూలు మాటల్లో చెప్పి పెట్టండి.

కడప_దర్గా_వీధి:
పోషకాహారం మేడం, మా బాబు రోజా ఉంటాడు. పరీక్షలు రంజాన్ నెలలో పడితే సహరీకి (తెల్లారకముందు తినే తిండికి) ఏం పెట్టాల?

పోషకాహారం_కడప:
అన్నా, బిర్యానీ, పులుసు కూరలు సహరీకి వద్దు, ఉప్పు, మసాలా పదింటికల్లా దాహం తెస్తాయి. జొన్నరొట్టెనో గోధుమ రొట్టెనో రెండు, గుడ్డు లేదా పప్పు, గిన్నెడు పెరుగు, ఒక అరటిపండు. నీళ్ళు చివరి ఐదు నిమిషాల్లో లీటరు తాగితే మూత్రంగా పోతుంది. ఇఫ్తార్ నుంచి పడుకునేదాకా ఐదారు గ్లాసులు విడతలుగా, సహరీలో రెండు. టీ అలవాటు ఉంటే నెల మొదలవ్వడానికి వారం ముందే తగ్గించాల, లేకుంటే మొదటి రోజుల తలనొప్పి ఆకలి వల్ల కాదు, టీ ఒక్కసారిగా ఆపడం వల్ల వస్తుంది. ఇఫ్తార్‌లో రెండు మూడు ఖర్జూరాలు, నీళ్ళు, పండ్లు పెట్టండి, సమోసాలు తగ్గించండి. మధ్యాహ్నం ఇంటికొచ్చాక 30 నిమిషాల కునుకు చాలు, రెండు గంటలు పడుకుంటే రాత్రి నిద్ర పట్టదు. కళ్ళు తిరిగి పడిపోయేట్టుంటే, లేదా షుగర్ జబ్బు ఉన్న పిల్లలైతే, డాక్టర్‌తోనూ ఇంటి పెద్దలతోనూ ముందే మాట్లాడండి.

కర్నూలు_అమ్మ:
అందరికీ కృతజ్ఞతలు. ఇంకో రెండు సందేహాలు. కడుపునొప్పి భయానిదో జబ్బో ఎట్ల తెలుస్తుంది? తేదీ చూస్తే సైన్స్ పేపర్ నాటికి పీరియడ్ వచ్చేట్టుంది, జరిపే మాత్రలు వేయొచ్చా?

నర్సు_ఆదోని:
అక్కా, భయం వల్ల వచ్చే నొప్పి బొడ్డు చుట్టూ ఉంటుంది, పరీక్ష రోజు పొద్దునే వస్తుంది, సెలవు రోజు ఉండదు. నొప్పి కుడివైపు కిందికి దిగినా, జ్వరం, ఆగని వాంతులు, మూత్రంలో మంట, విరేచనంలో రక్తం ఉన్నా, నిద్రలోంచి నొప్పితో లేచినా ఆగకుండా ఆసుపత్రికి పోవాల. భయానిదే అయినా నొప్పి నిజమైనదే, నటన అనొద్దు.

జరిపే మాత్రలు మెడికల్ షాపులో అడిగి వేయొద్దు. అవి తేదీకి మూడు రోజుల ముందు నుంచే మొదలుపెట్టాల, కడుపు ఉబ్బరం, తలనొప్పి రావచ్చు, కొందరికి అసలు పనికిరావు. పైగా ఒత్తిడిలో తేదీ దానంతట అదే అటూ ఇటూ అవుతుంది. డాక్టర్‌ను ఈ వారమే కలిసి, నొప్పి మాత్ర ఏది, ఎంత అని రాయించుకోండి. నొప్పి ముదిరాక కాకుండా మొదలైన వెంటనే, ఏదైనా తిన్నాక వేసుకుంటే పనిచేస్తుంది. ఆ మాత్ర పరీక్ష రోజే మొదటిసారి వేయొద్దు, ఒంటికి పడుతుందో లేదో ముందే తెలియాల. బ్యాగులో ప్యాడ్లు, ఒక జత లోదుస్తులు పెట్టి పంపండి.

వరుసగా మూడు నాలుగు రాత్రులు నిద్ర లేకపోయినా, తిండి పూర్తిగా మానేసినా, 'నేను లేకుంటే బాగుండు' లాంటి మాట నోట వచ్చినా పరీక్షలయ్యాక చూద్దామని ఆగొద్దు. ఆ మాట విన్నాక పిల్లను ఒంటరిగా వదలొద్దు. మానసిక ఇబ్బందులకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. పాప మాట్లాడనంటే మీరే చేసి ఎట్ల మాట్లాడాలో అడగండి. కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. పోయేటప్పుడు నొప్పి ఏ రోజు, ఏ వేళకు వచ్చింది, అంతకుముందు ఏం తినింది, ఎన్ని గంటలు నిద్రపోయింది ఒక కాగితం మీద రాసుకొని పోండి, డాక్టర్ మొదట అడిగేవి అవే.