ఎర్రగుంట్ల గనికి సెకండ్‌హ్యాండ్ కొమాట్సు పీసీ210 ఎక్స్‌కవేటర్ తీసుకోవచ్చా?

నాపరాయి_కడప:
మాది ఎర్రగుంట్ల పక్కన చిన్న నాపరాయి గని. పైమట్టి తీయడానికి ఇన్నాళ్లూ బండి అద్దెకే తెస్తున్నాం, అద్దె, డీజిల్ పోగా చేతికి ఏమీ మిగలట్లేదు. తాడిపత్రిలో ఒకాయన 2015 మోడల్ పీసీ210 అమ్ముతున్నాడు. మీటర్ 9,000 గంటలు చూపిస్తోంది, కొత్త పెయింట్ వేశారు. నాన్నేమో టాటా హిటాచీ అయితే మనవైపు మెకానిక్‌లు తొందరగా దొరుకుతారు అంటున్నాడు. ఇంట్లో బంగారం కుదువ పెట్టి కొనాలి, టెన్షన్‌గా ఉంది. ఏం చూసుకోవాలో చెప్పండన్నా.

సీమ_మెకానిక్:
ముందు ఆ 9,000 నమ్మొద్దు తమ్ముడూ. రోజుకు 8 గంటలు, ఏడాదికి 250 రోజులు తిరిగినా 2,000 గంటలు, అంటే పదేళ్లకు 20,000. బండి నిజంగానే ఖాళీగా పడి ఉండొచ్చు, కానీ అది వాళ్లు రుజువు చేయాలి. పొద్దున్నే వాళ్లు స్టార్ట్ చేయకముందే వెళ్లు. ఇంజిన్ వేడిగా ఉంటే ఆరోజు చూడకుండా వచ్చేసెయ్. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించి పొగ చూడు, నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ కాలుతున్నట్టే. తర్వాత కింద చైన్, రోలర్లు, చైన్‌ని తిప్పే స్ప్రాకెట్ చక్రం పళ్లు చూడు. మన రాతి నేలలో ముందు అరిగేది అవే, మార్చాలంటే లక్షల్లో పని. ఇంజిన్ ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కి పంపు, అందులో సిలికాన్ ఎక్కువుంటే దుమ్ము లోపలికి పోయినట్టు. ఈ ఖర్చుకు మాత్రం వెనకాడొద్దు.

బళ్లారి_రోడ్:
కొమాట్సులో నాకు బాగా నచ్చేది కామ్‌ట్రాక్స్, అంటే బండిలోనే ఉండే ట్రాకింగ్ యూనిట్. బండి ఎక్కడుంది, ఎన్ని గంటలు నడిచింది, అందులో ఊరికే ఆన్‌లో ఉన్నది ఎంత, డీజిల్ ఎంత తాగింది, ఇవన్నీ తనంతట తానే కొమాట్సు కంపెనీకి పంపుతుంది. జపాన్‌లో 2001 నుంచే బండితో పాటు ఇస్తున్నారు. ఈ బండిలో ఆ యూనిట్ పనిచేస్తుంటే అమ్మే ఆయన చేతే డీలర్‌కి ఫోన్ చేయించి, సీరియల్ నంబర్ మీద రికార్డు తీయించండి. మీటర్ మార్చినా అక్కడ దొరికిపోతుంది. కంపెనీ గురించి భయం అక్కర్లేదు, రాగి గనికి పనిముట్లు చేసే వర్క్‌షాప్‌గా మొదలై 1921లో విడి కంపెనీ అయింది, గని పని వాళ్లకు కొత్త కాదు. మన దేశంలో ఈ ఎక్స్‌కవేటర్లు ఎల్ అండ్ టీ అమ్ముతుంది. అయినా నాన్నగారి మాట కొట్టిపారేయకండి, మీ ఊరికి సర్వీస్ మనిషి ఎన్ని గంటల్లో వస్తాడో కొనకముందే కనుక్కోండి.

ఆపరేటర్_అనంతపురం:
అందరూ ఇంజినే చూస్తారు, నేను మాత్రం బ్రేకర్ సంగతి అడుగుతా. బకెట్ బదులు రాయి పగలగొట్టే రాక్ బ్రేకర్ కట్టి నడిపిన బండికి బూమ్, ఆర్మ్ (ముందుండే పొడవాటి చేతులు) వెల్డింగుల దగ్గర పగుళ్లు పడతాయి, హైడ్రాలిక్ ఆయిల్ కూడా తొందరగా పాడవుతుంది. కొత్త పెయింట్ అన్నారు కదా, వెల్డింగ్ ఉన్నచోట కొంచెం గీకి చూడండి, పగులుకు పట్టీ వేసి రంగు కొట్టి ఉంటే బయటపడుతుంది. బూమ్ చాచి బకెట్ గాల్లో ఉంచి ఇంజిన్ ఆపండి, కళ్లముందే కిందికి దిగిపోతుంటే సిలిండర్ సీళ్లో, వాల్వులో పోయినట్టు. బకెట్‌ని నేలకి నొక్కి ముందువైపు లేపినప్పుడు పైభాగం కటకటలాడితే, పైభాగాన్ని తిరగనిచ్చే స్వింగ్ బేరింగ్ అరిగింది, అది పెద్ద ఖర్చు.

నాపరాయి_కడప:
చాలా థ్యాంక్స్ అన్నా. బ్రేకర్ కట్టారా అని అడిగితే ‘అప్పుడప్పుడూ’ అన్నాడు. పేపర్లు ఏమేం అడగాలి?

బళ్లారి_రోడ్:
అప్పుడప్పుడూ అన్నాడంటే వెల్డింగులు తప్పకుండా గీకి చూడండి. పేపర్లంటే, చైన్ బండికి మామూలుగా ఆర్సీ ఉండదు, కాబట్టి మొదటి ఇన్వాయిస్ నుంచి ఈయన దాకా చేతులు మారిన కాగితాలన్నీ కావాలి. ఫైనాన్స్‌లో కొన్నదైతే అప్పు తీరిందని ఫైనాన్స్ వాళ్లు ఇచ్చే ఎన్‌ఓసీ చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. ఇన్వాయిస్ మీది సీరియల్ నంబర్, బండి ప్లేట్ మీది నంబర్, ఇంజిన్ నంబర్ మీరే దగ్గరుండి సరిచూసుకోండి.