అప్‌డేట్: పర్వియస్ కాంక్రీటులో సింథటిక్ ఫైబర్ సంగతి

పార్కింగ్‌లో వేసే పర్వియస్ కాంక్రీటు (రంధ్రాల గుండా నీళ్లు కిందికి ఇంకిపోయే కాంక్రీటు) పైపొర నుంచి కంకర ఊడిపోతుంటే పాలీప్రొపిలీన్ ఫైబర్‌తో (ఒక రకం ప్లాస్టిక్ పోగులతో) ఆగుతుందా అని ఇదివరకు అడిగాను. ఊడటం తగ్గుతుంది, కానీ ఫైబర్ ఒక్కదానితో కాదు.

ఇసుక దాదాపు ఉండని ఈ మిక్స్‌లో, రాయికి రాయి తగిలే చోట ఉన్న పలచని సిమెంటు పేస్టే బలమంతా. అది పొడిబారితే ఎంత ఫైబర్ వేసినా రాయి లేచిపోతుంది. నీరు–సిమెంటు నిష్పత్తి 0.27–0.34 మధ్య ఉండాలి. గుప్పెట్లో నొక్కి చూడండి: ముద్ద విడిపోకూడదు, పేస్టు వేళ్ల మధ్య కారకూడదు, రాళ్లు తడిగా మెరవాలి.

సన్నపోగు ఫైబరైతే ఘనపు మీటరుకు సుమారు 0.9 కిలోలతో మొదలుపెట్టండి. పోగులు పేస్టును పట్టుకుంటాయి కాబట్టి మిక్స్ బిగుసుకుంటుంది. అప్పుడు నీళ్లు పోయడం అసలు వద్దు! పోస్తే పేస్టు అడుక్కి జారి రంధ్రాలు మూసుకుపోతాయి, అడ్మిక్స్చర్‌తోనే (మిక్స్‌ను వదులు చేసే రసాయనంతోనే) సరిచేయాలి. ఫైబర్‌ను గుప్పెళ్లుగా కాకుండా, తిరుగుతున్న కంకర మీద కొద్దికొద్దిగా చల్లాలి, లేకపోతే ఉండలు కడుతుంది.

కాంక్రీటులో ఖాళీలు (నీళ్లు దిగే రంధ్రాలు) 15–25 శాతంలోనే ఉన్నాయో లేదో తప్పక చూడండి. ఫైబర్ ఉన్న, లేని నమూనాలను లాస్ ఏంజెలెస్ డ్రమ్ములో (కంకర అరుగుదలను పరీక్షించే తిరిగే ఉక్కు డ్రమ్ము) ఇనుప గుండ్లు లేకుండా 500 చుట్లు తిప్పి, పోయిన బరువు పోల్చితే తేడా తెలుస్తుంది.

క్యూరింగ్ (కాంక్రీటు ఆరిపోకుండా తడి నిలపడం) మాత్రం ఫైబర్ లేనప్పటిలాగే: వేసిన 20 నిమిషాల్లోపు పాలిథీన్ కప్పి, కనీసం 7 రోజులు తీయకండి.